స్ట్రౌజర్ నుంచి సాఫ్ట్‌వేరు దాకా: ఎక్స్ఛేంజి జ్ఞాపకాలు

తపాలా తంతి శాఖలో నేను టెక్నీషియన్‌గా చేరింది 1970ల నడుమ. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఉద్యోగం మొదలుపెట్టి, శాఖ పేరు మారి, అది సంస్థగా మారి, యంత్రాలు ఒక తరం తరువాత ఒక తరంగా నా కళ్ల ముందే తొలగిపోయేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజి గదుల్లోనే పనిచేశాను. అన్ని తరాల యంత్రాలనూ చేత్తో ముట్టుకుని పనిచేసే అవకాశం మా వయసువాళ్లకే దొరికింది. మా ముందువాళ్లు కంప్యూటరు ఎక్స్ఛేంజిని చూడలేదు, మా తరువాతివాళ్లు డయలు తిప్పిన అంకెను బట్టి కదిలి కాల్ కలిపే సెలెక్టరును చూడలేదు. పదవీ విరమణ తరువాత తీరిగ్గా ఆలోచిస్తే, ఆ మార్పులన్నీ ఒకే ప్రశ్నకు వేరువేరు కాలాలు ఇచ్చిన జవాబులని నాకు అనిపిస్తోంది. ఒక మనిషి మరొకరి నంబరును కోరినప్పుడు, ఆ నంబరును ఎక్స్ఛేంజిలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ఎంతసేపు గుర్తుపెట్టుకుంటారు అన్నదే ఆ ప్రశ్న.

మొదటి జవాబు మనిషి. అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో 1878 జనవరిలో 21 మంది చందాదారులతో మొదలైన తొలి వ్యాపార ఎక్స్ఛేంజిలోనూ, మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో తెరిచిన ఎక్స్ఛేంజిల్లోనూ కాల్ కలిపింది మనిషి చెయ్యే. సుమారు వందేళ్ల తరువాత నేను ఉద్యోగంలో చేరేనాటికి కూడా మా చుట్టుపక్కల తాలూకా కేంద్రాల్లో అదే పద్ధతి నడుస్తోంది. అక్కడి ఫోన్లకు డయలు ఉండేది కాదు, పక్కన ఒక పిడి ఉండేది. ఆ పిడిని గిరగిరా తిప్పితే పెట్టెలోని చిన్న జనరేటరు నుంచి పుట్టిన కరెంటు తీగ వెంట వెళ్లి, ఎక్స్ఛేంజి బోర్డు మీద ఆ నంబరుకు చెందిన చిన్న రేకు మూతను కిందికి పడేసేది. ఆపరేటరు ఒక ప్లగ్గును ఆ నంబరు జాక్‌లో, అంటే ప్లగ్గు పట్టే రంధ్రంలో, పెట్టి "నంబరు చెప్పండి" అని అడిగి, జంటలోని రెండో ప్లగ్గును కావలసిన జాక్‌లో పెట్టి, అటు గంట మోగించేది. మాట్లాడటం అయిపోయాక మళ్లీ పిడి తిప్పాలి. తిప్పడం మరచిపోతే మాటలు అయిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఆమె మధ్యలో వినక తప్పేది కాదు.

పెద్ద పట్టణాల్లోని సెంట్రల్ బ్యాటరీ బోర్డులు దీనికన్నా ఒక మెట్టు పైన ఉండేవి. రిసీవరు ఎత్తితే చాలు, బోర్డు మీద దీపం వెలిగేది. పెట్టేస్తే ప్లగ్గు పక్కన ఉన్న దీపం ఆ సంగతి చెప్పేది. లైన్లు ఎక్కువై ఆపరేటర్లు వరుసగా కూర్చునే చోట ప్రతి నంబరుకూ బోర్డు పొడవునా చాలా జాక్‌లు ఉండేవి కనుక, తాను కలపబోయే నంబరుతో పక్క ఆపరేటరు అప్పటికే ఎవరినైనా కలిపిందో లేదో తెలుసుకోవాలి. అందుకు ప్లగ్గు మొనను జాక్ అంచుకు తాకించేవారు. చెవిలో టక్కుమని వినిపిస్తే ఆ లైను ఖాళీ లేదని అర్థం. ఈ చిన్న పరీక్షను గుర్తుంచుకోవాలని పాఠకులను కోరుతున్నాను, ఎందుకంటే తరువాత వచ్చిన ప్రతి యంత్రమూ ఇదే పరీక్షను తన పద్ధతిలో చేసింది.

ఆపరేటర్ల జ్ఞాపకశక్తి గురించి ఎంత చెప్పినా తక్కువే. తాలూకా కేంద్రంలో సెలవు మీద వెళ్లినవారి బదులు పనిచేయడానికి నన్ను పంపినప్పుడు, అక్కడి ఆపరేటరు గారు నంబరు అడగకుండానే సగం కాల్స్ కలపడం చూశాను. "డాక్టరు గారినివ్వమ్మా" అని ఎవరైనా అడిగితే, "ఈ వేళప్పుడు ఆయన ఇంట్లో ఉండరండీ, క్లబ్బులో ఉంటారు, అక్కడికిస్తాను" అనేది ఆవిడ. అర్ధరాత్రి పురుడు కోసం ఫోను వస్తే ఏ డాక్టరమ్మ ఊళ్లో ఉందో, ఏ టాక్సీ స్టాండులో బండి దొరుకుతుందో కూడా ఆవిడే చెప్పేది. ఏ నంబరు ఎక్కడ ఉందన్నదే కాక, ఏ మనిషి ఎక్కడ ఉన్నాడన్నది కూడా ఆ ఎక్స్ఛేంజికి తెలుసు.

వేరే ఊరికి చేసే ట్రంక్‌కాల్ సంగతి వేరు. అక్కడ జ్ఞాపకం కాగితం మీద ఉండేది. కాల్ బుక్ చేసినవారి నంబరు, కావలసిన ఊరు, నంబరు, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా, ఫలానా మనిషికే కావాలన్న పి.పి. కాలా అన్నవన్నీ చిన్న టికెట్టు మీద రాసి, ఆ టికెట్టును వరుసలో పెట్టేవారు. అర్జెంటుకు రెట్టింపు ధర, లైట్నింగ్‌కు ఇంకా ఎన్నో రెట్లు. నేరుగా లైను లేని ఊరికి మధ్య ఊళ్ల ఆపరేటర్లు ఒకరినొకరు పిలుచుకుంటూ, "హలో విజయవాడ, మద్రాసు ఇవ్వండి" అంటూ లంకె లంకెగా దారి కట్టేవారు. ఆ దారి తయారయ్యేసరికి బుక్ చేసినాయన పొలం వెళ్లిపోయి ఉండటమూ, మళ్లీ టికెట్టు వరుస చివరికి వెళ్లడమూ నిత్యం జరిగేవే.

రెండో జవాబు నేను అన్నిటికన్నా ఎక్కువగా ప్రేమించిన స్ట్రౌజర్ యంత్రం. కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్, తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీదారుకు కలుపుతోందన్న అనుమానంతో, ఆపరేటరు అవసరమే లేని యంత్రాన్ని తయారుచేశాడని చెబుతారు. ఆ కథలో నిజమెంతయినా, 1891లో ఆయనకు పేటెంటు దక్కిందీ, 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్టులో ఆ పద్ధతిపై ఎక్స్ఛేంజి మొదలైందీ చరిత్ర. స్వాతంత్ర్యం తరువాత 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఆ పరికరాలను మన దేశంలోనే తయారుచేసింది. మా పట్టణంలోని రాక్‌ల మీద ఉన్న పలకల మీద ఐ.టి.ఐ. అన్న అక్షరాలను రోజూ గుడ్డతో తుడిచేవాళ్లం.

స్విచ్ రూములోకి చెప్పులు బయటవిడిచి వెళ్లాలి, ఎందుకంటే ఆ గదికి దుమ్మే పెద్ద శత్రువు. నేల నుంచి పైకప్పుదాకా వరుసలు వరుసలుగా ఇనుప రాక్‌లు, వాటి మీద మూతలు బిగించిన సెలెక్టర్లు, వాటి వెనుక రంగురంగుల తీగల కట్టలు. పక్క గదిలో రెండేసి వోల్టుల సీసం బ్యాటరీలు వరుసగా ఉండి, ఎక్స్ఛేంజికీ ఊళ్లోని ప్రతి ఫోనుకూ సుమారు 50 వోల్టుల కరెంటు ఇచ్చేవి. అందుకే ఊళ్లో కరెంటు పోయినా ఫోను పనిచేసేది. ఉదయం పది గంటలకు ఆ గదిలో నిలబడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. దుకాణాలు తెరిచే వేళ, బ్యాంకులు తెరిచే వేళ, మధ్యాహ్న భోజనం వేళ ఆ చప్పుడు ఎలా మారుతుందో వింటూనే ఊరు ఏం చేస్తోందో చెప్పగలిగేవాళ్లం.

ఒక కాల్ ఎలా నడిచేదో చెబుతాను. మీరు రిసీవరు ఎత్తగానే మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజిదాకా ఉన్న రెండు తీగలూ ఒక వలయంగా మూసుకుని, అందులో కరెంటు పారి, మీ లైను రిలే, అంటే కరెంటుతో కదిలే చిన్న మీట, పనిచేస్తుంది. మీకోసం ఒక చిన్న స్విచ్చి గిర్రున తిరిగి ఖాళీగా ఉన్న మొదటి సెలెక్టరును పట్టుకుంటుంది. అప్పుడు మీకు వినిపించేదే డయల్ టోను. "నేను సిద్ధంగా ఉన్నాను, అంకెలు పంపండి" అని ఆ సెలెక్టరు చెప్పే మాట అది. మీ నంబరు నాలుగంకెలది, మీకు కావలసింది 3426 అనుకోండి. మీరు 3 రంధ్రంలో వేలు పెట్టి డయలును తిప్పినప్పుడు ఏమీ జరగదు. వేలు తీశాక అది వెనక్కి తిరిగేటప్పుడు, సెకనుకు పది చొప్పున, వలయం మూడుసార్లు తెగుతుంది. ప్రతి తెగింపుకూ సెలెక్టరులోని విద్యుదయస్కాంతం ఇరుసును ఒక్కొక్క మెట్టు పైకి లేపుతుంది. మూడో మెట్టు దగ్గర ఆగి, మీరు తరువాతి అంకెకు వేలు పెట్టేలోపల, ఇరుసు తనంతట తానే పక్కకు తిరుగుతూ ఆ మెట్టులోని పది స్పర్శల్లో, అంటే తీగలు తాకే చోట్లలో, ఖాళీగా ఉన్న రెండో సెలెక్టరు కోసం వెతుకుతుంది. దొరికితే 4 దానికి చేరుతుంది, అదీ అలాగే నాలుగు మెట్లు ఎక్కి మళ్లీ వెతుకుతుంది. పదింటిలో ఒక్కటీ ఖాళీ లేకపోతే పదకొండో స్థానానికి పోయి ఎంగేజ్ టోను వినిపిస్తుంది. చివరిదైన ఫైనల్ సెలెక్టరు మాత్రం వెతకదు; 2కు రెండు మెట్లు ఎక్కి, 6కు ఆరు అడుగులు పక్కకు జరిగి, సరిగ్గా ఆ ఇంటి తీగ మీద నిలబడుతుంది.

అక్కడ నిలబడ్డాక అది చేసే పని, ఆపరేటరు ప్లగ్గు మొనతో చేసిన పరీక్షే. ప్రతి లైనుకూ మాటలు మోసే రెండు తీగలు కాక ఎక్స్ఛేంజి లోపల పి-వైరు అనే మూడో తీగ ఉంటుంది. లైను వాడుకలో ఉంటే ఆ తీగ మీద ఎర్త్ ఉంటుంది, అంటే అది భూమికి కలిపి ఉంటుంది. సెలెక్టరు దానిని తాకి చూసి, ఎర్త్ ఉంటే ఎంగేజ్ టోను ఇస్తుంది, లేకపోతే తానే ఎర్త్ పెట్టి ఆ లైనును తనదిగా చేసుకుని, అటు గంట మోగించే కరెంటును పంపుతుంది. జంటగా మోగి ఆగి మళ్లీ జంటగా మోగే ఆ గంట బ్రిటిషు పద్ధతి నుంచి మనకు వచ్చింది. అటువారు ఎత్తగానే గంట ఆగి, కరెంటు దిశ తిరగబడి, కాల్ చేసినవారి మీటరు ఒక అంకె ముందుకు కదులుతుంది.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది మూడు రిలేల ఏర్పాటు. ఎ రిలే మీ డయలు లయకు తగ్గట్టు పడుతూ లేస్తూ ఉంటుంది. బి రిలే లోపల ఒక రాగి దిమ్మ ఉండటం వల్ల అది ఆలస్యంగా వదులుతుంది. క్షణకాలపు తెగింపులను లెక్కచేయక, మీరు నిజంగా రిసీవరు పెట్టేసినప్పుడే వదిలి దారినంతా విడగొడుతుంది. సి రిలే అంకె నడుస్తున్నంతసేపూ పట్టుకుని, తెగింపులు ఆగాక కొద్ది క్షణాలకు వదలడంతో అంకె పూర్తయిందని యంత్రానికి తెలుస్తుంది. తెగింపుకూ, అంకెల మధ్య విరామానికీ, కాల్ ముగింపుకూ ఉన్న తేడాను ఏ లెక్కా చేయకుండా, కేవలం ఇనుమూ రాగీ ఎంత ఆలస్యంగా స్పందిస్తాయన్న దాని మీద ఆధారపడి గ్రహించడం అది. మా సీనియర్ టెక్నీషియన్ గారు ఈ మూడు రిలేలనూ నాకు వేలితో నొక్కి చూపిస్తూ బోధించారు. "చూడు బాబూ, దీనికి బుర్ర లేదు, ఓపిక ఉంది" అనేవారు ఆయన. అంతకన్నా మంచి వివరణ నాకు ఏ శిక్షణ కేంద్రంలోనూ దొరకలేదు.

మరి నంబరు ఎక్కడ గుర్తుంది? ఎక్కడా లేదు. మీరు తిప్పిన 3 మెట్టెక్కడంలోనే ఖర్చయిపోయింది. 3426 అన్న నంబరు ఆ యంత్రంలో నాలుగు చోట్ల రాసిలేదు. అది మూడు ఇరుసులు నిలబడిన తీరుగా మాత్రమే ఉంది. ఎవరైనా ఆడపిల్లల ఇంటికి అసహ్యకరమైన ఫోన్లు చేస్తున్నారని ఫిర్యాదు వస్తే మేము కనుక్కునే పద్ధతి కూడా దాని మీదే ఆధారపడింది. ఆ ఇంటివాళ్లు ఇంకో ఫోను నుంచి కబురు పంపి, ఆకతాయిని మాటల్లో పెట్టి ఉంచాలి. మేము వారి లైను మీద నిలబడి ఉన్న ఫైనల్ సెలెక్టరును పట్టుకుని, దాని వెనుక ఏ సెలెక్టరు ఉందో, దానికి ముందు ఏది ఉందో చూసుకుంటూ, ఇద్దరు ముగ్గురం ఒకరికొకరు కేకలేసుకుంటూ రాక్‌ల మధ్య పరుగెత్తి, చివరికి మీటరు దగ్గరికి చేరేవాళ్లం. అవతలివాడు మధ్యలో పెట్టేస్తే దారి అంతా ఒక్కసారిగా కూలిపోయి, ఏ ఆనవాలూ మిగిలేది కాదు. దొరికిన రోజున మాత్రం గదిలో అందరి ముఖాల్లోనూ వెలుగు ఉండేది. ఒక కుటుంబానికి మేలు చేశామన్న తృప్తి అది.

ఆ యంత్రానికి తగ్గ కష్టాలూ ఉండేవి. కాల్ చేసినవారు పెట్టేస్తేనే దారి విడిపోయేది కనుక, వారు రిసీవరును సరిగా పెట్టకపోతే అటువారి ఫోను కూడా చిక్కుకుపోయేది; దానిని మేము సి.ఎస్.హెచ్. అనేవాళ్లం. వానాకాలంలో కేబుల్లోకి నీరు దిగితే ఫోను ఎవరూ ఎత్తకుండానే వలయం మూసుకుని ఎక్స్ఛేంజిలో హెచ్చరిక దీపం వెలిగి ఉండిపోయేది, అది పి.జి. రాత్రిపూట డ్యూటీలో ఈ రెండు దీపాలను ఆర్పుకుంటూ తిరగడమే పని. ఫోను వాడకుండా డయలుకు చిన్న తాళం వేసుకునే ఇళ్లు చాలా ఉండేవి. కొందరు కుర్రాళ్లు రిసీవరు పెట్టే బొత్తాన్ని లయగా తట్టి అంకెలు పంపేవారు. వలయం తెగడమే అంకె అని తెలిసినవారికి తాళం అడ్డు కాదు.

సంక్రాంతి రోజునో, ఎన్నికల లెక్కింపు రోజునో రిసీవరు ఎత్తితే డయల్ టోను రావడానికే ఆలస్యమయ్యేది, ప్రజలు మమ్మల్ని తిట్టుకునేవారు. దానికి కారణం నిర్లక్ష్యం కాదు. ప్రతి చందాదారుడికీ ఒక సెలెక్టరు పెట్టడం సాధ్యం కాదు. ఎక్కువ రద్దీ ఉండే గంటలో ఒకేసారి ఎందరు మాట్లాడతారో లెక్కగట్టి, అందుకు సరిపడా మాత్రమే పెడతారు. ఆ లెక్కకు పునాది వేసినవాడు కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్కు గణిత శాస్త్రవేత్త. 1909లోనూ 1917లోనూ ఆయన రాసిన పత్రాల మీదే నేటి మొబైలు నెట్‌వర్కుల లెక్కలు కూడా నిలబడి ఉన్నాయి. రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. మాకు ఆ పేరు శిక్షణలోనే వినిపించింది గాని, దాని విలువ పండగ రోజున డ్యూటీ చేసినప్పుడే తెలిసింది.

మూడో జవాబు క్రాస్‌బార్ అనే యంత్రం, దాని మీద నాకు అంత ప్రేమ లేదు. పనికిరానిదని కాదు, దాని మీద నేను తక్కువకాలం పనిచేశాను, అంతే. బెల్జియం సంస్థ సాంకేతికతతో పెంటాకాంటా అనే రకాన్ని ఐ.టి.ఐ. 1960లలో తయారుచేయడం మొదలుపెట్టింది. యూరప్‌లో ఒక్కొక్క ఫోను మీద వచ్చే కాల్స్ కన్నా మన దేశంలో వచ్చేవి చాలా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ఒక ఫోనును వీధి వీధంతా వాడుకునేది. ఆ రద్దీకి అది తట్టుకోలేకపోతే, మన ఇంజినీర్లు దానిని మన అవసరాలకు తగ్గట్టు మళ్లీ రూపొందించారు. ఇందులో పాకే ఇరుసులు లేవు. అడ్డ కడ్డీ, నిలువు కడ్డీ కలిసినచోట స్పర్శలు నొక్కుకుంటాయి, రాపిడి తక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు రిజిస్టరు. మీరు తిప్పే అంకెలన్నిటినీ రిజిస్టరు ముందుగా దాచుకుంటుంది. పూర్తి నంబరు వచ్చాక మార్కరు అనే భాగం మొత్తం దారిని ఒక్కసారిగా వెతికి, సెకనులో కొంతభాగంలోనే కలిపేసి, మరో కాల్ పనికి వెళ్లిపోతుంది. నంబరును గుర్తుపెట్టుకునే యంత్రం అలా మొదటిసారి మా చేతికి వచ్చింది. కొన్ని క్షణాలే గుర్తుపెట్టుకున్నా దాని వల్ల ఒక దారి మూసుకుని ఉంటే ఇంకొక దారిన ప్రయత్నించడం వీలైంది, నంబరుకూ తీగ ఉన్న చోటుకూ ఉన్న ముడి వదులైంది.

ఆపరేటరు లేకుండా వేరే ఊరికి నేరుగా డయలు చేసే ఎస్.టి.డి. మన దేశంలో 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైనా, మా ఊళ్లకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఒక ఎక్స్ఛేంజి రిజిస్టరు ఇంకొక ఎక్స్ఛేంజి రిజిస్టరుకు అంకెలను జంట స్వరాలుగా పంపేది. ఒక్కొక్క అంకెకు ఆరు స్వరాల్లో రెండు. అటునుంచి "అందింది, తరువాతిది పంపు" అన్న జవాబు స్వరం వచ్చేదాకా ఇది ఆ స్వరాన్ని ఆపదు. మీరు కోడ్ తిప్పాక లోపల దూరంగా పిట్టల కూతలా వినిపించేది ఆ సంభాషణే. తరువాత పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. ధర తగ్గే వేళ కోసం రాత్రి పొద్దుపోయాక వాటి ముందు జనం నిలబడేవారు. కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన ఆడవాళ్ల కోసం, పక్కింటివారి పి.పి. నంబరు పట్టుకుని గంటలకొద్దీ ఎదురుచూసిన పిల్లలనూ తల్లులనూ ఎందరినో చూశాను.

ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి అనగానే నాకు గుర్తొచ్చేది సి-డాట్ అనే ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ. అమెరికాలో 1965లోనే న్యూజెర్సీలోని సుకసన్నాలో కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే ఎక్స్ఛేంజి వచ్చింది, ఫ్రాన్సులో 1970లో మాటను అంకెలుగా మార్చి కలిపేది వచ్చింది. ఆ ఫ్రెంచి సాంకేతికతతోనే మన్కాపూర్‌లోని ఐ.టి.ఐ. కర్మాగారం ఇ-10-బి ఎక్స్ఛేంజిలను తయారుచేసింది. అవి పట్టణాలకు గొప్ప మేలు చేశాయి. కానీ వాటికి ఏసీ గది కావాలి, నమ్మకమైన కరెంటు కావాలి. పల్లెలో ఆ రెండూ ఎక్కడివి? 1984 ఆగస్టులో ఏర్పడిన సి-డాట్, శ్యామ్ పిట్రోడా గారి సారథ్యంలో 36 నెలలు, 36 కోట్ల రూపాయల గడువులు పెట్టుకుని, మన వేడినీ మన దుమ్మునూ తట్టుకునే 128 పోర్టుల (తీగలు కలిపే చోట్ల) గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించింది. అది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలై, తరువాత మా జిల్లా పల్లెలకూ వచ్చింది. ఒక బీరువా అంత పెట్టెను పంచాయతీ గదిలో నిలబెట్టి, ఏసీ లేకుండా నడిపించినప్పుడు కలిగిన గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇవాళ దేశంలో దాదాపు ప్రతి పల్లెకూ ఫోను చేరిందంటే ఆ పెట్టె వేసిన దారి దానికి ఒక ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ పెట్టెలో కాల్ ఎలా కలుస్తుందో అర్థం చేసుకోవడానికి నాకు సమయం పట్టింది, ఎందుకంటే చూడటానికి కదిలేది ఏదీ లేదు. మీ మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఎనిమిది బిట్లుగా, అంటే సున్నాలూ ఒకట్లుగా, రాస్తే సెకనుకు 64 వేల బిట్లు అవుతాయి. అలాంటి 30 సంభాషణలను, సమయం సరిచూసుకోవడానికీ సంకేతాలకూ మరో రెండు గడులను కలిపి, ఒకే జత తీగల మీద వంతులవారీగా పంపుతారు. స్విచ్చి చేసే పని తంతి తపాలా శాఖవాడికి తేలిగ్గా అర్థమయ్యేదే: వచ్చిన ఉత్తరాలను వచ్చిన వరుసలో గడుల్లో పెట్టి, వెళ్లవలసిన వరుసలో తీసినట్లు, ఐదో వంతులో వచ్చిన మీ కొలతను జ్ఞాపక గడిలో రాసి, పదిహేడో వంతులో చదివి పంపుతుంది. ఇంతే, మీరిద్దరూ కలిసిపోయారు. ఒక్క తీగా ఇంకొక తీగను తాకలేదు. ఏది ఎప్పుడు చదవాలన్న పట్టీని ప్రోగ్రాము రాస్తుంది. ఇక్కడ నంబరును గుర్తుపెట్టుకోవడమే కాదు, ఎవరు ఎవరికి, ఎన్ని గంటలకు, ఎంతసేపు మాట్లాడారన్నది కాల్ ముగిశాక కూడా నిలిచి ఉంటుంది. బిల్లు ఎక్కువొచ్చిందని వచ్చినవారికి పూర్వం మీటరు ఫోటో తప్ప చూపించేదేమీ ఉండేది కాదు. ఇప్పుడు కాల్స్ జాబితానే చేతిలో పెట్టగలిగాం. ఆకతాయి ఫోనుకు రాక్‌ల మధ్య పరుగెత్తే అవసరమూ పోయింది.

మా స్ట్రౌజర్ ఎక్స్ఛేంజిని ఆపి కొత్తదానికి మార్చిన రాత్రి గురించి చెప్పాలి. లైన్లన్నిటినీ ముందుగానే రెండు ఎక్స్ఛేంజిలకూ కలిపి, కొత్తవైపు స్పర్శల మధ్య కరెంటును ఆపే చిన్న చీలికలు దోపి, వాటన్నిటికీ దారాలు కట్టి ఉంచాం. అందరి కాల్స్ తక్కువగా ఉండే వేళ చూసి, అధికారి సంజ్ఞ ఇవ్వగానే పాతవైపు తీగలను కొందరు కత్తిరిస్తుంటే, మరికొందరు దారాలను లాగారు. నిమిషాల్లో ఊరంతా కొత్త ఎక్స్ఛేంజి మీదికి వెళ్లింది. అంతకుముందు ఆసుపత్రి, పోలీసు స్టేషను, అగ్నిమాపక కేంద్రం లైన్లను మార్పు జరగగానే పరీక్షించాలని రాసుకున్న జాబితా నా చేతిలో ఉంది. తెల్లవారేదాకా ఒక్కొక్క నంబరుకూ ఫోను చేసి, అటువారి గొంతు విన్నాకే గుర్తు పెట్టాను. తరువాత కొన్ని నెలలకు ఆ సెలెక్టర్లు తూకానికి వెళ్లిపోయాయి. అంత నిశితమైన పనితనం రాగి ధరకు అమ్ముడవడం నాకు బాధ కలిగించింది. ఒకటి రెండింటినైనా ప్రతి జిల్లా కేంద్రంలో అద్దాల పెట్టెలో ఉంచి, పిల్లలు డయలు తిప్పి చూసేలా కరెంటు కలిపి పెట్టాలని అప్పుడూ కోరాను, ఇప్పుడూ కోరుతున్నాను.

ఆ తరువాత వచ్చిన పెద్ద మార్పు చందాదారులకు కనిపించనిది. పూర్వం మీరు ఢిల్లీకి ఫోను చేస్తే, అటు లైను ఖాళీ లేదని తెలుసుకోవడానికే ఇక్కడినుంచి ఢిల్లీదాకా మాట నడిచే దారి మొత్తం కట్టాలి. ఎంగేజ్ టోను అంతదూరం ప్రయాణించి మీ చెవిలో పడేది. ఏడో నంబరు సిగ్నలింగ్ వచ్చాక సంకేతాలకు వేరే దారి ఏర్పడింది. నంబరుతో కూడిన ఒక సందేశం ముందు వెళ్లి, అటు లైను ఖాళీ ఉందో లేదో చూసి వస్తుంది; ఖాళీ లేకపోతే ఆ దారిని వెంటనే వదిలేసి, ఎంగేజ్ టోనును మీ ఊరి ఎక్స్ఛేంజే ఇస్తుంది. లైన్లు వృథా కావడం తగ్గింది, కాల్ కలవడానికి పట్టే సమయం తగ్గింది.

1995లో మొబైలు వచ్చాక, తాలూకా కేంద్రంలోని ఆ ఆపరేటరు గారు నాకు మళ్లీ గుర్తొచ్చారు. మొబైలు నంబరుకు ఏ తీగా లేదు, కనుక మనిషి ఎక్కడున్నాడో ఎవరో ఒకరు తెలుసుకుని ఉండాలి. హెచ్.ఎల్.ఆర్. అనే పట్టిక ఆ పని చేస్తుంది. మీరు ఫోను చేయగానే నెట్‌వర్కు ఆ పట్టికను అడుగుతుంది. మీకు కావలసినాయన ఇప్పుడు విశాఖపట్నం స్విచ్చి కింద ఉన్నాడని దానికి తెలుసు. అది విశాఖ స్విచ్చిని అడిగి ఆ ఒక్క కాల్ కోసం ఒక తాత్కాలిక నంబరు తెప్పిస్తుంది, కాల్ ఆ నంబరు మీదుగా చేరగానే అది మరొకరికి పోతుంది. డాక్టరు గారు క్లబ్బులో ఉన్నారన్న ఎరుక లేకుండా ఈ వ్యవస్థ ఒక్క అడుగూ వేయలేదు.

ఇప్పుడు మా పాత ఎక్స్ఛేంజి భవనంలో స్విచ్ రూము ఉన్నచోట పెద్ద హాలు ఖాళీగా ఉంది, ఒక మూల కొన్ని సర్వర్లు ఉన్నాయి. మాట ప్యాకెట్లుగా ఇంటర్నెట్టు పద్ధతిలో వెళుతోంది. ఆ ప్యాకెట్ల ప్రవాహంలో ఎవరూ మాట్లాడని క్షణాల్లో లైను తెగిపోయిందని భయపడకుండా ఉండేందుకు, ఫోను తానే ఒక సన్నని హోరును పుట్టించి వినిపిస్తుంది. ఈ మధ్య అక్కడికి వెళ్లినప్పుడు ఒక యువ ఇంజినీరు నాకు తెర మీద ఒక కాల్‌లో నడిచే సందేశాలను చూపించాడు. ఇన్వైట్ అన్న సందేశం నంబరును తీసుకువెళుతుంది. 100 అంటే ప్రయత్నిస్తున్నాను అని జవాబు. 180 అంటే అటు గంట మోగుతోంది. ఒకప్పుడు ట్రంక్‌కాల్ బుక్ చేయడానికి మేమంతా డయలు చేసిన అంకె అదేనని చెబితే ఆ అబ్బాయి సంతోషించాడు. 200 అంటే ఎత్తారు. 486 అంటే ఖాళీ లేదు. ప్లగ్గు మొన టక్కుమన్నప్పుడూ, పి-వైరు మీద ఎర్త్ దొరికినప్పుడూ వచ్చిన జవాబే అది. చివరి సందేశం పేరు బై, దానిని రెండు వైపుల ఎవరైనా పంపవచ్చు. కాల్ చేసినవారు పెట్టేసేదాకా అటువారి లైను చిక్కుకుని ఉండే ఇబ్బంది ఇందులో లేదు. రాత్రి డ్యూటీవాడికి సి.ఎస్.హెచ్. దీపాలు ఆర్పే పని కూడా లేదు.